ఆయిలే చల్లబరిచే బండి

గాలితో, ఆయిల్‌తో చల్లబడే చిన్న అడ్వెంచర్ బైకులో ఇంజన్ ఆయిల్‌కు చేతినిండా పని. పిస్టన్‌కూ బోర్‌కూ మధ్య పొరగా నిలవాలి, గేర్లనూ క్లచ్ ప్లేట్లనూ తడిపి ఉంచాలి, పైగా హెడ్ దగ్గర పుట్టే వేడిని మోసుకొచ్చి కూలర్ రెక్కల మీదుగా బయటి గాలికి వదిలేయాలి. రేడియేటర్ ఉన్న బండిలో ఈ చివరి పనిలో ఎక్కువ భాగం కూలెంట్‌ది. ఇక్కడ గాలి తీసుకుపోగా మిగిలిందంతా సుమారు రెండు లీటర్ల ఆయిల్ నెత్తినే.

ఈ పద్ధతికి గొప్ప వంశమే ఉంది. 1979లో ముగిసిన తొలి పారిస్-డాకర్ ర్యాలీని సిరిల్ నెవూ గెలిచింది యమహా ఎక్స్‌టీ500 మీద. గాలితో చల్లబడే ఆ సింగిల్ సిలిండర్ బండిలో ఆయిల్ నిలవ ఉండేది ఫ్రేమ్ గొట్టంలోనే. సహారా ఇసుకలో ఆ బండి చేసిన పని ముందు ఎన్ని హంగులైనా దిగదుడుపే. 1985లో సుజుకీ ఇంజనీరు ఎత్సువో యొకోఉచి జీఎస్ఎక్స్-ఆర్750లో పిస్టన్ అడుగునే ఆయిల్ చిమ్మించి, రేడియేటర్ బరువు లేకుండా రేసు బండిని నిలబెట్టాడు. ఆయనకు స్ఫూర్తి యుద్ధకాలపు విమాన ఇంజన్లేనంటారు. మన దగ్గర 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, 2022లో వచ్చిన సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ ఈ బాటలోవే. హిమాలయన్ 78 మిల్లీమీటర్ల బోర్‌కు 86 మిల్లీమీటర్ల స్ట్రోక్ పెట్టుకుని, 4,500 ఆర్‌పీఎం లోపే 32 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. తక్కువ తిరుగుళ్లతో ఎక్కువ లాగడం వల్ల రాపిడి వేడి అదుపులో ఉంటుంది. ఇంత నిబ్బరమైన ఇంజన్ ఈ ధరలో మరొకటి రాలేదు.

ఆయిల్‌కు 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ హాయి. అంతకు బాగా తగ్గితే ఇంజన్‌లో చేరిన నీటి ఆవిరి బయటికి పోదు. రోజూ కూరగాయల మార్కెట్ దాకా మాత్రమే వెళ్లొచ్చే బండిలో ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు పేరుకునేది అందుకే. 130 దాటి చాలాసేపు ఉంటే ఆయిల్ పలచబడి త్వరగా ముసలిదవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం ఇంచుమించు రెట్టింపు.

కూలర్ పనితనం ఆయిల్‌కూ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 105 డిగ్రీల ఆయిల్‌కు 45 డిగ్రీల రెంటచింతల ఎండలో దొరికే తేడా 60. లంబసింగి పొద్దుటి చలిలో, గాలి 15 డిగ్రీలుంటే, ఆ తేడా 90. ఖర్దుంగ్ లా కనుమ మీద చలి ఉన్నా గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ, కాబట్టి ఆ పలచటి గాలి మోసుకుపోయే వేడీ తక్కువే.

అసలు విద్య రైడర్ చేతిలో ఉంది. హిమాలయన్ కూలర్‌కు ఫ్యాన్ లేదు, బండి కదిలితేనే గాలి. ఇసుకలో, ఎత్తు రాళ్ల దారిలో హాఫ్ క్లచ్ మీద ఈడ్చితే ప్లేట్ల రాపిడి వేడి కూడా అదే ఆయిల్‌లో కలుస్తుంది. ఆరితేరిన రైడర్ క్లచ్ పూర్తిగా వదిలి, ఫస్ట్ గేర్లో సన్నటి థ్రాటిల్‌తో, ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి ఎక్కిస్తాడు. ఆ పనితనం చూసి తీరాలి! బండి ముందే సూచన ఇస్తుంది: ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు, టాపెట్ల చప్పుడు గట్టిపడుతుంది, పికప్ మొద్దుబారుతుంది. అప్పుడు నీడన ఆపి ఇంజన్ కట్టేయాలి. కాలుతున్న ఇంజన్ మీద నీళ్లు కుమ్మరిస్తే లోహం వంకర పోవచ్చు, పగలనూ వచ్చు.

మంచి మెకానిక్ చేయి వేసేది ముందుగా కూలర్ మీదే. రెక్కల మధ్య ఎండిన బురదను నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తీస్తాడు. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే ఆ సన్నటి రెక్కలు మడతపడి గాలికి దారి మూసుకుపోతుంది. బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ గాజు చూస్తాడు. సైడ్ స్టాండ్ మీద చూసిన లెక్క లెక్క కాదు. హిమాలయన్‌కు 15డబ్ల్యూ-50, వీ-స్ట్రామ్‌కు 10డబ్ల్యూ-40, రెండింటికీ డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు తప్పనిసరి. ఘర్షణ తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే తడి క్లచ్ జారుతుంది.

ఇంత శ్రద్ధనూ బూడిదలో పోసేది నకిలీ ఆయిల్. వాడేసిన నల్ల ఆయిల్‌ను వడగట్టి, పేరున్న కంపెనీ పాత డబ్బాలో నింపి, కొత్త సీలు వేసి అమ్మడం పచ్చి ద్రోహం. అది కాస్త వేడికే నీళ్లయిపోతుంది, బోర్ గీతలు పడుతుంది, నింద మాత్రం ఇంజన్‌కు వస్తుంది. ‘ఎయిర్ కూల్డ్ బండ్లింతే, వేడెక్కుతాయి’ అని తీర్పు చెప్పేవాళ్లలో ఎందరు తమ డబ్బా సీలు చూసుకున్నారు? ఈలోగా 2023లో వచ్చిన హిమాలయన్ 450లో లిక్విడ్ కూలింగ్ పెట్టారు, 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210లో కూడా. వాటికి బలం ఎక్కువే, కానీ రాయి తగిలి రేడియేటర్ చిల్లుపడితే స్పితి లోయలో ఎవరు అతుకుతారు? 443 సీసీకి పెంచిన పాత హిమాలయన్ ఇంజన్‌తో రాయల్ ఎన్‌ఫీల్డ్ స్క్రామ్ 440 రావడం ఈ సంప్రదాయాన్ని ప్రేమించేవాళ్లకు పండగే.

ఆ ఇంజన్లు నిలవాలంటే నకిలీ సరుకుకు ముడిపదార్థం అందకూడదు. ఆయిల్ మార్పించిన ప్రతిసారీ సీలు కళ్లముందే తీయించాలి, ఖాళీ డబ్బాకు అక్కడికక్కడే స్క్రూడ్రైవర్‌తో చిల్లులు పొడిపించాలి, లేబుల్ చింపించాలి. తీసిన నల్ల ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వమని షెడ్డు యజమానిని గట్టిగా అడగాలి.