పగిలిన గాజు ఎవరి కథ? గృహహింసను చిత్రించే నిశ్చల వస్తు ఛాయాచిత్రాలలో ప్రతీక

నాన్ గోల్డిన్ 1984లో, దెబ్బలు తిన్న నెల తరువాత, కమిలిన తన ముఖాన్నే కెమెరాకు ఎదురుగా నిలిపింది. అక్కడ గాయం వాచ్యం. నిశ్చల వస్తు చిత్రణలో మనిషి కనిపించడు. పళ్లెమో, పెట్టెో, చీరో మాత్రమే ఉంటుంది. కనుక హింస వ్యంగ్యం కావాలి. ధ్వని సిద్ధాంతం చదివినవారికి ఇది కొత్త కాదు. అయితే వ్యంగ్యార్థం చూసేవారి సంస్కారాన్ని బట్టి స్ఫురిస్తుందన్న సంగతిని ప్రతీకలను ఎన్నుకొనేటప్పుడు తరచు మరచిపోతాం.

పగిలిన గాజులనే తీసుకుందాం. దాంపత్య హింసకు ప్రతీక అనగానే ముందుగా తోచేవి ఇవే. కాని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలోనే కాక తెలుగునాట చాలాచోట్ల పగిలిన గాజు మొదట వైధవ్యాన్ని స్ఫురింపజేస్తుంది. మంగళసూత్రం తెగిందనడానికి జంకి ‘పెరిగింది’ అనే సమాజం మనది. ఇటువంటి చోట ఆ గాజుల చిత్రం నిందించవలసిన భర్తకే సంతాపం ప్రకటిస్తుంది.

గద్వాల చీర ఇంతకంటె క్లిష్టమైనది. నూలు చీరకు పట్టు అంచును, కొంగును కలిపే నేత దాని ప్రత్యేకత. ఆ కలయిక వద్ద చీరను చింపి, విఫల దాంపత్యానికి ప్రతీకగా చూపాలని ఎవరికైనా తోచవచ్చు. అది నేతగాని పనితనానికి అన్యాయం. కలయిక నిలవడమే ఆ నేత ఘనత. చీరను చింపకుండా, మడత విప్పకుండా, ట్రంకుపెట్టెలో ఉంచి తాళం వేసి, కొంగు కొస మాత్రం మూత సందున కనిపించనిస్తే? తాళంచెవి చిత్రంలో ఉండదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మూడవ సెక్షన్ ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. స్త్రీధనాన్ని ఆమెకు దక్కనీయకపోవడం అందులో భాగం. ఈ హింస జరిగేదే వస్తువుల మీద. కనుక దీనిని చూపడంలో గాయపడిన ముఖం కంటె పెట్టెకే ఎక్కువ శక్తి ఉంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి తన పేరునే మరచిపోతుంది. ఆమెపై ఎవరూ చేయి చేసుకోరు.

తాళం విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాలమూరు వలసలు ఎరిగినవారికి తలుపుకున్న తాళం బతుకుదెరువుకు వెళ్లిన కుటుంబాన్నే గుర్తుచేస్తుంది. అది పెట్టెకు ఉండాలి, తలుపుకు కాదు. ఇక వెలుగు మరీ అందంగా పడితే ఆ చిత్రం గృహాలంకరణ ప్రకటనలా మిగులుతుంది. దానికి ‘స్త్రీధనం’ అన్న శీర్షిక సరిపోతుంది. ‘మౌనరోదన’ అని పెడితే ప్రేక్షకుడు పెట్టెను చూడడమే మానేస్తాడు.