ఆదివారపు విందులో సేగా పాట

మన పత్రికలో భజన పోటీలను గూర్చి, నాటకాలను గూర్చి విమర్శలు వస్తుంటాయి. భోజనశాలను విమర్శించడం ఏమిటని కొందరు పాఠకులు నవ్వవచ్చు. కాని పోర్ట్ లూయి రేవు దగ్గర ఆదివారాలు జరిగే బ్రంచ్ విందులో తినడానికి ఎంత ఉన్నదో వినడానికి కూడా అంత ఉన్నది. మన పిల్లలు జీతం అందగానే అక్కడికే పోతున్నారు. నేను రెండుసార్లు వెళ్ళి కూర్చున్నాను. ఆ భోజనశాల పేరు చెప్పను; అటువంటివి ఇప్పుడు చాలా ఉన్నవి.

బ్రంచ్ అన్న మాట 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే రచయిత వ్యాసంతో ప్రచారంలోకి వచ్చినది. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవారు ఆదివారం ఆలస్యంగా లేచి, ఫలహారము, భోజనము ఒక్కటిగా చేయవచ్చునని ఆయన వాదన. తెల్లవారక ముందే చెరకు తోటలోకి నడిచిన మన ముత్తాతలు ఈ మాట వింటే ఏమనేవారో!

వంట సంగతి. గాతో పిమా బాగున్నవి. పప్పు మరీ మెత్తగా రుబ్బలేదు, కరకరలాడినవి. మన మసాలా వడకు ఇవి చిన్న తమ్ముళ్ళు. దోల్ పురి అంతకన్న బాగున్నది. బొబ్బట్టులో బెల్లం మానివేసి, ఉడికిన పప్పుపొడి మాత్రం పెట్టి పలుచగా వత్తినట్లున్నది. పెనం మీదినుంచి నేరుగా పళ్ళెంలోకి వచ్చినది. ఊరీత్ విందాయ్‌లో ఆవ, వెల్లుల్లి, పసుపు సరిపాళ్ళలో పడినవి. టమాటాల రుగాయ్ మాత్రం యాత్రికుల నాలుకకు భయపడి చేసినది: కారం లేదు, చక్కెర తగిలినది. మా ఇంట్లో అయితే ఆ గిన్నె వెనుకకు పోయేది.

11 గంటలకు పాట మొదలైనది. కీబోర్డు, గిటారు, ఒక అమ్మాయి గొంతు, వారి వెనుక రవాన్ వాయించే ఒక పెద్దాయన. రవాన్ మేకతోలు వాద్యము. తోలు బిగియడానికి దానిని మంట దగ్గర కాచుతారు, మన దేశంలో డప్పును కాచినట్లే. భోజనశాలలో మంట వేయనియ్యరు గదా! ఆయన దానిని కిటికీ దగ్గర ఎండలో నిలబెట్టి, రెండు పాటలకొకసారి వెళ్ళి తడిమి చూసుకొంటున్నాడు. తీరా వాయించబోతే కీబోర్డులోని యంత్రపు దరువు ఆ చప్పుడును మింగివేసినది. ఇది ఆ విందులోని పెద్ద లోపము. రుగాయ్‌లో చక్కెర దీనిముందు ఎంత?

సేగా బానిసల పాట. ఆఫ్రికా నుండి, మడగాస్కర్ నుండి బలవంతంగా తెచ్చిన మనుషులు రాత్రిపూట మంట చుట్టూ చేరి పాడుకొన్నది. 1835లో వారికి విముక్తి వచ్చిన తరువాత, వారు విడిచిన తోటలలోకే మనవాళ్ళను తెచ్చారు. మనవారు ఎక్కిన ఆప్రవాసి ఘాట్ 16 మెట్లు ఆ భోజనశాల నుండి నడిచి పోయేటంత దూరంలోనే ఉన్నవి. 2014లో యునెస్కో సంప్రదాయ సేగాను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. 1992లో మరణించిన తి ఫ్రేర్ గారి రికార్డు విన్నవారికి తెలుసు, రవాన్, మరవాన్, త్రియాంగ్ ఈ మూడే తోడుంటే గొంతు ఎంత దూరం పోగలదో.

తింటూ పాట వినడమే తప్పని నేను అనను. మన పెళ్ళిళ్ళలోను లౌడుస్పీకరు మోగుతుండగానే అరటి ఆకులో ఏడు కూరలు తింటాము. కాని రామభజనను అట్లా వింటామా? దీపం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ పాడతాము, ప్రసాదం తరువాతనే.

ఈ మాట ఊరకే ఎత్తలేదు. నేను తెలుగు నేర్పుతానని తెలిసి ఆ భోజనశాల మేనేజరు ఒక సంగతి అడిగారు: ఉగాది నాటి బ్రంచ్‌కు మన భజన బృందం వచ్చి అరగంట పాడగలదా అని. డబ్బు బాగానే ఇస్తారు. మా బృందంలోని కుర్రవాళ్ళకు ఇష్టమే. "టీచరుగారూ, గుడిలో వినేవాళ్ళు ఇరవైమంది. అక్కడ రెండువందలమంది వింటారు గదా?" అన్నాడు ఒకడు. వాని మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ రెండువందలమంది వింటారా? రవాన్ పెద్దాయనతో క్రియోల్‌లో మాట్లాడాను. డబ్బు వేళకు ఇస్తారట, మైకు మాత్రం కీబోర్డుకే ఇస్తారట.

పళ్ళేలు తీసివేసిన తరువాత, దీపం పెట్టనిచ్చి, మృదంగానికి మైకు ఇస్తే వెళ్ళవచ్చునని నా అభిప్రాయము. ఆ మూడింటిలో ఏది కాదన్నా వద్దు. మేనేజరుగారికి ఇదే చెప్పాను. ఇంకా జవాబు రాలేదు.

ఆ విందులో ఒక పాట మాత్రం నేను మరువను. కీబోర్డు అబ్బాయి కాఫీకి లేచిపోయినప్పుడు ఆ అమ్మాయి, పెద్దాయన ఇద్దరే ఒక నెమ్మది సేగా అందుకొన్నారు. ఎండకు కాగిన తోలు అప్పటికి బాగా పలుకుతున్నది. వడ్డించేవాళ్ళు పళ్ళేలు చేతిలో పట్టుకొని నిలిచిపోయారు. మా పక్క బల్లవారు మాటలు మానివేశారు. నాలుగు నిమిషాలు. తరువాత కీబోర్డు తిరిగి వచ్చినది.

వెళ్ళదలచినవారు 11 గంటలకు ముందే వెళ్ళి కిటికీ పక్క బల్ల అడగండి. రవాన్ అక్కడికి బాగా వినబడుతుంది.