స్త్రీల చరిత్రము - కొలబద్ద యెవరిది?

మేము తరగతిలో కవుల చరిత్రము బోధించుచుండగా నొక బాలిక లేచి, "పంతులుగారూ, ఆ కాలమున స్త్రీలేమియు వ్రాయలేదా?" యని యడిగెను. వ్రాసిరని చెప్పుట సులభము. వ్రాసినదానిని మన పండితలోకమేమి చేసినదో చెప్పుట కష్టము.

తెనుగున స్త్రీల చరిత్రమును విచారించుట నిన్నమొన్నటి పని కాదు. భండారు అచ్చమాంబగారు 1901లో అబలాసచ్చరిత్ర రత్నమాల మొదటి భాగమును వెలువరించి, స్త్రీలకు బుద్ధి తక్కువ యను నిందకు చరిత్రమునుండియే సమాధానము చెప్పిరి. ఆ కృషి పూజ్యము. అయినను గ్రంథనామమునందే యొక కొలబద్ద గలదు. సచ్చరిత్రలకు చోటు దొరకినది, తక్కినవారి మాటయేమి?

ముద్దుపళని గతియే యిందుకు నిదర్శనము. 18వ శతాబ్దమున తంజావూరి యాస్థానమున నామె రచించిన రాధికాసాంత్వనమును వీరేశలింగము పంతులుగారు నీతిదృష్టితో గర్హించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని పరిష్కరించి ప్రకటించుచు, సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని నిలదీసిరి. 1911లో ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947 వరకు నిషేధము తొలగలేదు. స్త్రీవిద్యకై పాటుపడిన మహనీయుడే స్త్రీవాక్కును సహింపలేకపోయెను. సంస్కరణాభిమానులమగు మనము మరువరాని పాఠమిది.

1986లో స్త్రీశక్తి సంఘటనవారు ప్రకటించిన మనకు తెలియని మన చరిత్ర వేరు త్రోవ త్రొక్కినది. తెలంగాణా సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీలనే మాటాడనిచ్చినది. వారి సాహసముతోపాటు, పోరాటము ముగిసినపిమ్మట ఇంటికి మరలవలసి వచ్చినప్పటి వేదనయు నందు వినవచ్చును. ఇచ్చట కొలబద్ద వారి చేతికే వచ్చినది. అయినను స్త్రీ యను నొక్క మాటలో నందరును ఇముడుదురా? గోగు శ్యామలగారు 2003లో నల్లపొద్దు పేర, 1921 నుండి వెలసిన దళిత స్త్రీల రచనలను కూర్చి యా ప్రశ్నను మన ముందుంచిరి.

ఇకముందు జరుగవలసిన పరిశోధన విశ్వవిద్యాలయములకే విడువదగినది కాదు. దాని సామగ్రి మన యిండ్లలోనే యున్నది: పెట్టె యడుగున పడిన యుత్తరములు, పద్దుల పుస్తకములు, అవ్వల నోటి పాటలు, పొలము పనికి వచ్చు స్త్రీల యనుభవములు. చదువరులారా, వాని నేరి కూర్పుడు. అయితే బాగున్నవానిని మాత్రమే యుంచి, మనకు నచ్చనివానిని దిద్దకుడు. దిద్దినచో నా బాలిక ప్రశ్నకు మనమిచ్చునది జవాబు కాదు, మరియొక నిషేధము.