కంటికి కనబడని బలిమి

కాచి నీట ముంచినచో గట్టిపడుట ఉక్కునకే చెల్లునని లోకము తలచుచుండిన కాలమున, 1906లో, బెర్లిను సమీపముననున్న ఒక ప్రయోగశాలలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, రాగియు కొలదిపాటి మెగ్నీషియమును కలిసిన అల్యూమినియమును కాచి నీట ముంచి చూడగా, ఆశించిన కాఠిన్యము కానరాలేదు. కాని దినములు గడచిన పిమ్మట దానినే మరల పరీక్షింపగా, ఎవరును ఏమియు చేయకయే అది గట్టిపడియుండెను. డ్యూరాలుమిన్ అను పేరున జెప్పెలిన్ ఆకాశనౌకలకు అస్థిపంజరమైనది ఆ మిశ్రమమే.

1938లో ఫ్రాన్సున గినియే, ఇంగ్లండున ప్రెస్టన్ అను శాస్త్రజ్ఞులు, వేర్వేరుగా, ఎక్స్‌కిరణములతో ఈ గట్టిపడుటలోని మర్మమును పట్టిరి. సుమారు 550 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో అల్యూమినియము ఐదు శాతమునకు పైగా రాగిని తనలో కరగించుకొనును; చల్లారిన పిదప ఆ శక్తి ఇంచుమించు నశించును. చటుక్కున నీట ముంచినచో, రాగి విడివడుటకు వ్యవధి లేక, ఉన్నచోటనే చిక్కుకొనును. వేడిమిలో పుట్టిన ఖాళీ తావులును స్ఫటికములో అట్లే నిలిచిపోవుటచే, వానిని ఆసరాగా గొని రాగి పరమాణువులు మెల్లమెల్లగా గుమిగూడి, ఒక్క పరమాణువు మందము గల బిళ్లలుగా ఏర్పడును. లోహము వంగుటయన, పరమాణువుల వరుసలు తప్పిన రేఖలు, అనగా డిస్‌లొకేషన్లు, జారుటయే. ఈ బిళ్లలు వాని దారికి అడ్డుపడును.

నాకీ విద్యలో మిక్కిలి ప్రియమైనది రివెట్ల సంగతి. విమానపు రేకులను కూర్చుటకు ఇట్టి మిశ్రమముతో చేసిన రివెట్లు కాచి నీట ముంచిన వెంటనే మెత్తగా నుండును. బయట వదలినచో గంటలలోనే బిగిసి, సుత్తిదెబ్బకు పగులును. అందుచే పనివారు వానిని మంచుపెట్టెలో దాచి, కావలసినన్ని మాత్రమే తీసి, త్వరత్వరగా కొట్టుదురు. ఆపై అవి రెక్కలోనే బలపడును. చలి పరమాణువుల నడకను నిలుపుననుటకు ఇంతకంటె చక్కని పాఠము నే నెరుగను.

కొన్ని మిశ్రమములను 160, 190 డిగ్రీల నడుమ గంటలకొలది మరల కాచి బలమును పెంతురు. గడువు మీరినచో చిన్న బిళ్లలు పెద్ద కణములై, ఒండొంటికి దూరమై, డిస్‌లొకేషన్లకు నడుమ దారి దొరకి, లోహము మరల మెత్తబడును.

చక్కగా కాచిన భాగమును, లోపముగా కాచిన భాగమును ప్రక్కప్రక్క నుంచినచో కంటికి భేదము తోచదు. ఫర్నేసు వేడిమిని, నీటికి చేర్చిన క్షణములను, కాచిన గంటలను పుస్తకములో వ్రాయు చేతినే విమానమెక్కువారు నమ్ముకొనియున్నారు. ఈ పనిలోనికి వచ్చు యువకులకు నా మనవి యొక్కటే: కాచిన భాగముల బుట్ట నీటిలోనికి దిగుట కొన్ని క్షణములు ఆలస్యమైనచో, ఆలస్యమైనదనియే వ్రాయుడు.