డ్రాఫ్టింగులో సింబల్ లైబ్రరీ

కంప్యూటర్ డ్రాయింగులో పదేపదే వచ్చే గుర్తులను ఒక్కసారి శ్రద్ధగా గీసి, పేరు పెట్టి దాచుకుని, కావలసిన చోటల్లా పెట్టుకునేలా కూర్చిన సంపుటిని సింబల్ లైబ్రరీ అంటారు. తలుపు, వాల్వు, స్విచ్చి, రైల్వే సిగ్నల్ వంటివన్నీ ఇందులో చేరతాయి. ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేరులో ఒక్కో గుర్తును బ్లాక్ అని పిలుస్తారు.

ట్రేసింగ్ పేపరు మీద ఇంకుతో గీసే రోజుల్లో డ్రాఫ్ట్స్‌మన్లు ఇందుకు స్టెన్సిళ్లు వాడేవారు. స్టెన్సిల్ ఆకారాన్ని మాత్రమే ఇస్తుంది. తర్వాత మార్పు వస్తే ప్రతి గుర్తునూ చెరిపి మళ్లీ గీయవలసిందే. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము ఈ ఇబ్బందికి పరిష్కారం చూపింది. అందులో మూలచిత్రాన్ని సవరిస్తే దాని ప్రతులన్నీ వాటంతటవే మారేవి. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌లోని బ్లాకులదీ ఇదే సూత్రం.

ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ జంక్షన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఖాజీపేట–విజయవాడ ప్రధాన మార్గం నుంచి భద్రాచలం రోడ్డు వైపు వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. ఇలాంటి స్టేషన్ ప్లానులో హోమ్ (లోపలికి వచ్చే), స్టార్టర్ (బయలుదేరే) సిగ్నళ్లు, పట్టాలు మారే పాయింట్లు, రైలు ఉనికిని పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ హద్దులు ఎన్నోసార్లు వస్తాయి. బొమ్మ ఒకటే అయినా ప్రతి సిగ్నల్‌కూ నంబరు వేరు. అందుకే నంబరును గీతలో కలపకుండా బ్లాక్‌కు అట్రిబ్యూట్‌గా, అంటే ప్రతి ప్రతిలో వేరుగా నింపుకునే వివరంగా, జతచేస్తారు. ఆ వివరాలనుంచి సిగ్నళ్ల పట్టికను సాఫ్ట్‌వేరే తయారు చేయగలదు.

గుర్తును తయారుచేసేటప్పుడు మొదట ఆధారబిందువును నిర్ణయించాలి. సిగ్నల్‌కైతే స్తంభం అడుగునే ఆ బిందువుగా తీసుకుంటే ప్లానులో సరైన చోట కూర్చుంటుంది. ఆటోక్యాడ్‌లో గీతలను 0 అనే లేయర్‌ (పొర)లో, రంగును లేయర్‌కే వదిలి గీస్తే, బ్లాక్‌ను ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు వాటికి వస్తుంది. కొలతల్లో రెండు రకాలున్నాయి. తలుపును అసలు కొలతతో గీయాలి. సిగ్నల్ గుర్తు పరిమాణాన్ని మాత్రం కాగితం మీద ఎంత కనిపించాలో చూసి నిర్ణయించాలి. యూనిట్లు పొరపడితే మీటరు తలుపు మిల్లీమీటరుకు కుంచించుకుపోతుంది.

గుర్తుల రూపం ఎవరిష్టం వారిది కాకూడదు. భవనాల డ్రాయింగులకు ఐ.ఎస్. 962 ఉన్నట్టే, విద్యుత్ గుర్తులకూ భారతీయ ప్రమాణాలున్నాయి. అందరూ వాటినే పాటిస్తే ఒక కార్యాలయంలో గీసిన ప్లానును మరో కార్యాలయంలోని ఇంజనీరు, పనిస్థలంలోని సూపర్‌వైజరు తడబడకుండా చదవగలరు. లైబ్రరీ వల్ల సమయం ఆదా అవుతుంది గానీ, అంతకంటే గొప్ప ప్రయోజనం ఈ ఏకరూపతే.

బ్లాక్‌ను తిరిగి నిర్వచిస్తే ఆ డ్రాయింగులోని ప్రతులన్నీ మారతాయి. ఎక్స్‌ప్లోడ్ చేసిన, అంటే విడి గీతలుగా విడగొట్టిన, ప్రతికి మాత్రం మూలంతో బంధం తెగిపోతుంది. లైబ్రరీ ఫైలును సవరించినంత మాత్రాన పాత డ్రాయింగులు మారవు, వాటిలో కొత్త నిర్వచనాన్ని మళ్లీ తెచ్చుకోవాలి. మూలంలో తప్పుంటే అది ప్రతి చోటికీ పాకుతుంది కాబట్టి, కొత్త గుర్తును అనుభవజ్ఞులు సరిచూశాకే లైబ్రరీలో చేర్చాలి.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. దానికీ డోర్నకల్‌లోనే ఉదాహరణ దొరుకుతుంది. బిషప్ అజరయ్య కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది ఆలయ శైలి స్తంభాలు అందులో కలిసి కనిపిస్తాయి. కొత్త భవనానికి ప్లాను వేసేటప్పుడు ఒక స్తంభం బ్లాక్ అన్నిటికీ సరిపోతుంది. ఇలాంటి పాత కట్టడాన్ని కొలిచి చిత్రించేటప్పుడు మాత్రం ఒక్కో స్తంభాన్నీ విడిగా కొలవాలి. తేడా ఉన్నచోట బ్లాక్‌ను వదిలి, ఉన్నదున్నట్టు గీయాలి.