బరువు సంగతి తర్వాత

“అన్నా, మొదటి రీబ్రీదర్ కొంటున్నా. విమానంలో పట్టుకెళ్లడానికి అన్నిటికన్నా తేలికైనది ఏది?” దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి అడిగాడు. సెలవు దొరికితే ఎర్ర సముద్రం, డబ్బు కూడితే పసిఫిక్‌లోని చూక్. వాడి ప్రయాణాలన్నీ మునిగిన ఓడల చుట్టూనే. బరువు సంగతి తర్వాత, నువ్వు వెళ్లేచోట ఏ సున్నం దొరుకుతుందో ముందు కనుక్కోరా అన్నాను.

మామూలు సిలిండర్‌తో దిగితే వదిలిన ఊపిరి బుడగలై పైకి పోతుంది, అందులో ఆక్సిజన్ చాలామటుకు వాడకుండానే మిగిలి ఉంటుంది. పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి 30 మీటర్ల లోతున 80 లీటర్లు కావాలి. అంటే 200 బార్ల ఒత్తిడితో నింపిన 12 లీటర్ల సిలిండర్ అరగంటలో ఖాళీ. శరీరం నిజంగా ఖర్చుపెట్టే ఆక్సిజన్ మాత్రం నిమిషానికి లీటరు అటూ ఇటూ, లోతుతో నిమిత్తం లేదు. రీబ్రీదర్ ఆ ఊపిరిని బయటికి పోనివ్వదు. సోడా లైమ్ గుళికల గుండా తిప్పి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేస్తుంది, తరిగిన ఆక్సిజన్‌ను కలిపి మళ్లీ మనకే అందిస్తుంది. బుడగలు లేవు కనుక చేపలు బెదరవు. ఓడ గదుల్లో పైకప్పు కింద గాలి పోగై ఇనుమును తినెయ్యదు. 1941 అక్టోబరులో జర్మన్ బాంబులకు మునిగిన థిసిల్‌గార్మ్ లాంటి ఓడకు ఇది చిన్న ఉపకారం కాదు.

సోడా లైమ్‌లో ఎక్కువ భాగం తాంబూలంలో వేసుకునే తడి సున్నమే. ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే యంత్రాల్లోనూ దీన్ని వాడతారు. కానీ గుళిక సైజు, తేమ ఎంతుండాలో ప్రతి రీబ్రీదర్ తయారీదారూ చెబుతాడు, దానికి తగ్గదే వాడాలి. నేను డబ్బా నింపేటప్పుడు గాలికి వీపు పెట్టి, కాస్త ఎత్తునుంచి సన్నధారగా పోస్తాను. దుమ్ము ఎగిరిపోవాలి. సగమయ్యాక అంచుల్ని అరచేత్తో తడుతుంటే మట్టం కుంగుతుంది, మళ్లీ పోస్తాను. మూత బిగించి ఊపితే లోపల గలగల వినపడకూడదు. గుళికలు వదులుగా ఉంటే ఊపిరి వాటి మధ్య అడ్డదారి వెతుక్కుని కడగకుండానే వెనక్కి వస్తుంది. ముందు ఆయాసం, తర్వాత తలనొప్పి. ఆ పైన, నోట్లో ఉన్నది వదిలి విడి సిలిండర్‌కు మారాలన్న ఆలోచన కూడా మందగిస్తుంది. ఈ భయం నాకు ఈ రోజుకీ ఉంది, ఉండాలని కూడా కోరుకుంటాను.

తేలికైన యంత్రం అంటే సాధారణంగా చిన్న సున్నపు డబ్బా, పల్చటి ఫ్రేము. డబ్బా చిన్నదైతే నీళ్లలో గడిపే సమయం తగ్గుతుంది. నీళ్లలో తేలిపోతుంటే పడవ మీద సీసం బరువులు అడిగి కట్టుకోవాలి. ఎయిర్‌పోర్ట్ కాటా దగ్గర మిగిలిన కిలోలు అక్కడ తిరిగొస్తాయి. సిలిండర్లు విమానంలో తీసుకెళ్లాలంటే ఖాళీ చేసి వాల్వు ఊడదీయాలి, అందుకే చాలామంది అక్కడే అద్దెకు తీసుకుంటారు. అద్దెకిచ్చే సిలిండర్, దాని వాల్వు మన ఫ్రేములో ఇముడుతాయా అన్నదే అసలు ప్రశ్న. ఆక్సిజన్‌ను 200 బార్ల దాకా ఎక్కించే బూస్టర్ వాళ్ల దగ్గరుందా అన్నది రెండోది. యంత్రం మొరాయిస్తే పైకి రావడానికి పక్కన కట్టుకునే బెయిలవుట్ సిలిండర్ దాదాపు ప్రతి డైవ్ సెంటర్‌లోనూ ఉంటుంది. దాన్ని మానుకుని బరువు తగ్గించుకుందామనే మాట నా ముందు ఎత్తొద్దని వాడికి గట్టిగానే చెప్పాను.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెల్స్ విషయంలో నాది మరీ పట్టుదల. సాధారణంగా మూడుంటాయి. వాడినా వాడకపోయినా తయారైన నాటినుంచే ముసలివవుతుంటాయి. గాలిలో 10 మిల్లీవోల్టులు చూపించే సెల్ స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 48 దాకా రావాలి. అంత ఎక్కలేక ఆగిపోతే అది లోతులో ఉన్న ఆక్సిజన్ కన్నా తక్కువ చెబుతుంది, యంత్రం ఇంకా పోస్తూనే ఉంటుంది, మూర్ఛ దాకా పోవచ్చు. అందుకే ఒక్క కంపెనీ దగ్గర తప్ప దొరకని సెల్స్ ఉన్న యంత్రం వద్దన్నాను. దీవికి పార్సిల్ వచ్చేలోపు సెలవు అయిపోతుంది. ఎలక్ట్రానిక్స్ ఉన్న తలభాగం, విడి సెల్స్ చేతి సంచిలో ఉంచుకోవాలి.

ఇంతకన్నా ముందు చూడాల్సింది గురువును. రీబ్రీదర్ శిక్షణ సాధారణంగా ఒక మోడల్‌కే పరిమితం, యంత్రం మారిస్తే మళ్లీ కోర్సు చేయాలి. తానే వారం వారం ఆ మోడల్‌తో దిగే గురువు దొరికితే, అది కాస్త బరువైనా సరే కొనమంటాను. మొదటి కోర్సుతో దాదాపు 40 మీటర్ల దాకానే అనుమతి. చూక్‌లో వాడు కలలుగనే శాన్‌ఫ్రాన్సిస్కో మారు అనే ఓడ డెక్కే 50 మీటర్ల లోతున ఉంది. దానికి హీలియం కలిపిన గ్యాస్, రెండో కోర్సు కావాలి. చూక్‌లోనే ఉన్న ఫుజికావా మారు అంత లోతు లేదు, నిటారుగా నిలిచి ఉంది, సరుకు గదిలో జీరో యుద్ధవిమానాల విడిభాగాలున్నాయి. మొదటి ఏడు అక్కడే దిగమన్నాను.