కట్టివచ్చు నమూనా విమానములు: పైపొర క్రింది సంగతి

1937లో అమెరికాలో గుడ్ సోదరులు రేడియో సంకేతములతో నడచు తొలి నమూనా విమానములలో ఒకటియైన ‘గఫ్’ను ఎగురవేసిరి. ఆ కాలమున ఎగురవేయువాడే కట్టువాడు. నేడు బజారులో దొరకు విమానము చాలవరకు కట్టియే వచ్చును. రెక్కలు బిగించి, తోక అతికి, యంత్రములు అమర్చినచో రెండు మూడు సాయంకాలములలో సిద్ధమగును. ఇది గొప్ప సౌకర్యమే. కాని అతుకులలో జిగురు పడినదో లేదో కొన్నవానికి తెలియదు. రంగు రంగుల ప్లాస్టిక్ పొర అంతయు కప్పివేయును. పాఠశాల కొరకు ఇట్టి విమానమును కొనువారు ఆ పొరను చూచి మురిసిపోరాదు. రెండు కిలోల వస్తువు గంటకు 70 కిలోమీటర్ల వేగముతో పిల్లల చేరువనే ఎగురునని మరువరాదు.

విమానము విరిగినప్పుడు నింద సాధారణముగా బాల్సా చెక్కమీద పడుచున్నది. ఇది న్యాయము కాదు. బాల్సా టేకు బరువులో సుమారు నాలుగవ వంతే యైనను, నార పొడవునా లాగినప్పుడు తన బరువునకు మించిన బలమునే చూపును. తప్పు చెక్కలో కంటె కూర్పులోనే ఎక్కువ.

రెక్కను తీసికొందము. సెకనుకు 20 మీటర్ల వేగముతో దిగివచ్చు విమానమును 10 మీటర్ల వ్యాసార్ధముగల వంపులో పైకి లేపితిమనుకొనుడు. వేగవర్గమును వ్యాసార్ధముచే భాగించినచో 40 వచ్చును. అనగా గురుత్వ త్వరణమునకు నాలుగు రెట్లు. సొంత బరువు ఒక రెట్టు కలిపిన ఐదు రెట్లు. రెండు కిలోల విమానమున ఒక్కొక్క రెక్కపై అప్పుడు ఐదు కిలోల బరువు పడును. ఆ బలము మొదలునుండి 35 సెంటీమీటర్ల దూరమున పనిచేసినచో, రెక్క మొదట 175 కిలోగ్రాము-సెంటీమీటర్ల భ్రామకము ఏర్పడును. రెక్కలోని క్రింది, పై దూలముల నడుమ రెండు సెంటీమీటర్ల ఎడమే యున్నచో, క్రిందిదానిని 87 కిలోలకు పైగా బలము లాగును. పైదానిని అంతే బలము నొక్కును. (రెక్క సొంత బరువు ఇందు కొంత తగ్గించును, దానిని విడిచితిమి.) పుల్లవంటి దూలము అంత నొక్కుడునకు ప్రక్కకు వంగి విరుగును. అది వంగకుండ నిలుపునవి రెండు దూలముల నడుమ నిలువు నారతో అతికిన పలుచని బాల్సా పలకలు. చౌకరకములలో వీనినే మానివేయుదురు. పొరను కోసి, రెక్క మొదటి మూడవ వంతులో ఈ పలకలు అతికించినచో చాలును; కొసవైపు భ్రామకము త్వరత్వరగా తగ్గిపోవును.

తోక విషయములో తయారీదారు కంటె అతడిచ్చు సూచనపత్రమే ఎక్కువ నిందార్హము. పొరమీద జిగురు నిలువదు గనుక, అతుకుచోట పొరను కత్తితో కోసి తీయుమని అందు వ్రాయుదురు. కత్తి పొరతో ఆగునా? మూడు నాలుగు మిల్లీమీటర్ల బాల్సా పలకలో సన్నని గాటు దిగును. ఆ గాటు సరిగ్గా తోకపలక దేహమును కలియు అంచున, అనగా వంపు అత్యధికముగా ఉండు చోటనే పడును. గాజును కోయువాడు ముందు గీత గీసి పిదప విరుచుట మీరు చూచియుందురు, ఇదియు అంతే. వేడి సోల్డరింగు కడ్డీ కొనను మెల్లగా నడిపించినచో పొర కరగి తెగును, చెక్కకు గాటు పడదు. లేదా, దేహముతో కలియు గీతకు రెండు మిల్లీమీటర్లు లోపలగా కోయవచ్చును. ఇంత చిన్న మాటను సూచనపత్రములో చేర్చుటకు ఏమి ఖర్చగును?

ఇంజను బిగించు ప్లైవుడ్ పలక మరియొక సందేహస్థలము. చాలచోట్ల అది కేవలము ఆనించి అతికినదై యుండును. నూనె ఇంజనైనచో అదురునకు తోడు నూనెయు చెక్కలోనికి ఇంకి, ఏ జిగురును పట్టనీయదు. అట్టిచోట పై పైన జిగురు పూయుట వ్యర్థము. నూనె దిగిన చెక్కను తొలగించి, మూలలలో త్రికోణపు కర్రలు అతికి, ప్రక్కలనుండి సన్నని వెదురు చీలలు దిగవేసి, నిదానముగా గట్టిపడు ఎపాక్సీతో బిగించవలెను. ఐదు నిమిషములలో గట్టిపడు రకము చెక్కలోనికి ఇంకు వ్యవధి ఇయ్యదు.

ఇక మరమ్మతులలోను అతిశయము కలదు. విరిగినచోట మందమైన ప్లైవుడ్ తునకను అడ్డముగా అతికినచో, తదుపరి దెబ్బకు ఆ తునక అంచునందే విరుగును. బలహీనత పోలేదు, రెండంగుళములు జరిగినది. దూలమునకైతే మందమునకు ఎనిమిది నుండి పండ్రెండు రెట్ల పొడవుగల ఏటవాలు అతుకు మేలు. చక్రముల కాళ్లను సహితము మితిమీరి బిగించరాదు. నైలాను మరలతో పట్టించినచో, మొరటుగా దిగినప్పుడు మర తెగి, పొట్ట పలక నిలుచును. తోకలో పూసిన జిగురునకు లెక్క వేరు. గరిమనాభికి 80 సెంటీమీటర్ల వెనుక పది గ్రాములు చేర్చినచో, 20 సెంటీమీటర్ల ముందున్న ముక్కులో నలువది గ్రాముల సీసము పెట్టవలసివచ్చును.